మా అవ్వ మార్కా షర్బత్తు

కరీంనగర్‌లో ఆ షర్బత్తును ఎవరూ దాని అసలు పేరుతో అడిగేవారు కాదు. సీసా మీద ఏ బొమ్మ ఉంటే ఆ బొమ్మ పేరుతోనే అడిగేవారు. నాకు ఊహ తెలిసేనాటికి అది ‘చాంద్ షర్బత్తు’. సీసాకు అంటించిన చీటీ మీద పొడుగు మెడ నీళ్ల సురాయి, దాని పైన నెలవంక, చుట్టూ ఉర్దూ అక్షరాలు ఉండేవి. ఆసిఫాబాద్ అడవుల నుంచి సుగంధిపాల వేర్లు బండ్ల మీద వచ్చేవి. వాటిని ఉడికించి, చక్కెర పాకంలో కలిపి సీసాలకెత్తేవారు. ఎండాకాలం సోడా బండి దగ్గర గ్లాసులో కాస్త షర్బత్తు పోసి, దాని మీద గోలీసోడా కొట్టి ఇస్తే తాగినవాళ్ల మూతులు ఎర్రబడేవి.

కార్ఖానా ఒక దొరది. ఊళ్లలో గడీల మీద జనం తిరగబడుతున్న రోజుల్లో ఆయన భూములను తమ్ముళ్లకు అప్పగించి కరీంనగర్ చేరాడు. నవాబు అధికారులతో మంచిగా ఉండాలని సీసా మీద నెలవంక పెట్టించుకున్నాడని బాపు, అంటే మా నాన్న, అనేవాడు. ఆ నెలవంకను గోడల మీద, బండ్ల మీద, కార్ఖానా బోర్డు మీద రాసింది మా బాపే. మాది నేత కుటుంబం. నూలు దొరకని కాలంలో బాపు మగ్గం వదిలి కుంచె పట్టాడు. కిరాణా దుకాణానికి తరాజు, దర్జీ దుకాణానికి కత్తెర, వాటి కింద రెండు భాషల్లో గుండ్రని అక్షరాలు. అదీ ఆయన పని.

పోలీసు చర్యతో నవాబు పాలన పోయిన కొద్ది రోజులకే దొర మనిషిని పంపాడు. బాపు నన్నూ వెంట తీసుకుపోయాడు. దొర వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. బాపును చూడగానే ఆగాడు.

“ఆ చాంద్ తీసెయ్‌రా. ఇయ్యాలనే తీసెయ్. యాడ కనవడ్డా నా పానం మీదికొస్తది.”

“తీసేస్త దొరా. మరి దాని జాగల ఏం పెట్టాలె?”

“ఆడిమనిషి బొమ్మ పెట్టు. చేతిల చెంబుండాలె. చూడంగనే గిది మనది అనిపియ్యాలె.”

అంతకు ముందటి ఎండాకాలమే అదే నెలవంకకు వెండి రంగు సరిపోలేదని బాపును తిట్టిన మనిషి ఆయన.

బాపు అంతకు ముందెప్పుడూ ఆడమనిషి బొమ్మ గీయలేదు. అరుగు మీద కూర్చుని అట్టల మీద గీసి చెరిపేవాడు. ఒక పూట నేను పక్కన కూర్చుని చూస్తుండగా ముఖం కుదిరింది. వెడల్పు నుదురు, రూపాయంత బొట్టు, ముక్కుపుల్ల, చెవులకు గెంటీలు, గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు. ఎదుటివాళ్లు చెప్పేది నమ్మనట్టు కాస్త పక్కకు చూసే చూపు.

“గిది అవ్వ గద బాపూ?” అన్నాను. అమ్మను నేను అవ్వ అనే పిలిచేదాన్ని.

“సప్పుడు చెయ్యకు బిడ్డా. వేరే ఆడోళ్ల మొఖం నేనెన్నడు సక్కగ సూసిన్నని?”

అవ్వ అప్పుడు లోపల బీడీలు చుడుతోంది. ఆమెకు ఏమీ తెలియదు.

తెలిసింది అంగట్లో. కూరగాయలకు పోయిన అవ్వ సోడా బండి ముందు నుంచి నడుస్తుంటే, వరసగా పెట్టిన సీసాల మీద నుంచి తన ముఖమే తనను చూసింది. బండివాడు సీసాను, ఆమెను మార్చి మార్చి చూసి పక్కవాణ్ని పిలిచాడు. పదిమంది పోగయ్యారు. “షర్బత్తమ్మా, ఓ గిలాస పొయ్యరాదూ!” అని ఎవడో అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. అవ్వ ఖాళీ గంపతో ఇంటికి వచ్చింది. బాపు అన్నం తింటున్నాడు. ఆయన ముందు నిలబడి అడిగింది.

“నన్నడిగినవా?”

“అడిగితె ఒప్పుకుంటివా?”

“ఒప్పుకోనని ఎరికయ్యే గద అడగలే!”

బాపు అన్నం కలుపుతూనే ఉన్నాడు. ఆ రోజు నుంచి నాకు ఆయన మీద పుట్టిన కోపం ఇంతవరకు పోలేదు.

కులపోళ్లు ఇంటి ముందు కూర్చుని, “ఇంటి ఆడిదాన్ని తెచ్చి అంగట్ల పెట్టినవ్” అని బాపును నిలదీశారు. బాపు పరేషానై దొర దగ్గరికి పోయాడు. నేనూ వెంట పోయాను. బొమ్మ మారుస్తానని, అంతకన్నా మంచిది గీసి ఇస్తానని బాపు బతిమాలాడు.

దొర సీసా ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసుకున్నాడు. “చీటీలు అచ్చయినయి. సీసాలు నిలుస్తలేవు, అంత పోతున్నయి. ఇగ ఇది నీ పెండ్లం కాదురా. నా మార్కా.”

బాపు చేతులు కట్టుకునే బయటికి వచ్చాడు.

అవ్వ గడప దాటడం మానేసింది. నన్ను బడి మాన్పించారు. నీళ్లకు, అంగడికి, బీడీలు అప్పజెప్పడానికి నేనే. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల దారిలో కలిస్తే, “మీ అవ్వ సీసలకెల్లి బయటికి రాదానె?” అనేది. నేను గంప అటు చంకకు మార్చుకుని ఇంకో సందులో నుంచి పోయేదాన్ని. దొర మాత్రం పెరిగాడు. చెంబు పట్టుకున్న అవ్వ ముఖం చొప్పదండి నుంచి ఆసిఫాబాద్ దాకా గోడలకెక్కింది. ఊరూరా ఆ ముఖాన్ని రాసే పని బాపుకే దొరికింది. ఆయన దాన్ని అదృష్టం అనుకున్నాడు. ఇంట్లో ముఖం చాటేసుకున్న మనిషి ముఖాన్ని ఊరూరా గోడల మీద గీస్తూ, తన పనితనాన్ని తానే మెచ్చుకునేవాడు.

పెద్దపిల్లనయ్యాక ఒకసారి నన్ను ఆసిఫాబాద్ తీసుకుపోయాడు. రంగు డబ్బాలు మోసే మనిషి ఆ రోజు రాలేదు. బస్టాండు పక్క హోటలు గోడ మీద బాపు బొమ్మ పూర్తి చేసి, చేతులు కడుక్కోవడానికి లోపలికి పోయాడు. అడవి గూడెం నుంచి వేర్ల మోపుతో వచ్చిన ఒక గోండు ఆమె అక్కడ ఆగింది. మోపు కింద పెట్టింది. గోడనే చాలాసేపు చూసింది. తన గడ్డం మీద ఉన్న పచ్చబొట్టును ఒకసారి తడుముకుని, వేలు చాచి గోడ మీది పచ్చబొట్టును ముట్టింది. రంగు తడిగా ఉంది. వేలికి అంటింది. భయపడి నావైపు చూసింది.

“ఏం కాదు,” అన్నాను.

“మా తీరే ఉన్నది,” అంది నవ్వుతూ. ఆ తర్వాత మోపెత్తుకుని పోయింది.

ఇంటికొచ్చాక అవ్వకు ఈ సంగతి చెప్పాను. ఆమె బీడీ ఆకు కత్తిరించడం ఆపింది.

“ముందుగాల ఎవ్వల గదవ ముట్టింది? తనదా, నాదా?”

“తనది. ఎన్క నీది.”

“మల్ల జెప్పు,” అంది. మళ్లీ చెప్పించుకుంది. ఆ బొమ్మ గురించి మాట్లాడుతుంటే అవ్వ నవ్వడం అదే మొదటిసారి.

ఆ చైత్రంలో ఇరుగుపొరుగు ఆడవాళ్లతో కొండగట్టుకు బయలుదేరింది. నేనూ పోయాను. మెట్ల కింద షర్బత్తు కొట్టు అతను ఆమెను గుర్తుపట్టాడు. నేను బిగుసుకుపోయాను. అతను గ్లాసు కడిగి, నిండా పోసి, రెండు చేతులతో అందించాడు. “నీ బొమ్మ జూసే పిల్లగాండ్లు ఈడికొస్తున్నరు తల్లీ. తాగు.” అన్నేళ్లలో అవ్వ ఆ షర్బత్తు నోట పెట్టడం అదే తొలిసారి. తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, “మంచిగనే ఉన్నది. జర వేరు వాసన కొడుతున్నది,” అంది. అతను పకపకా నవ్వాడు. మెట్లెక్కుతున్నంతసేపూ ఆమె కొంగు భుజం మీదే ఉంది, తల మీదికి రాలేదు.

తిరిగి వచ్చాక తానే కార్ఖానాలో పనికి కుదిరింది. చీటీలు అంటించే పని. మైదాపిండితో కాచిన లయి ముందు పెట్టుకుని, ఒక్కో సీసాకు తన ముఖాన్ని అంటించి, వంకర లేకుండా బొటనవేలితో అదిమేది. తోటి ఆడవాళ్లు పరాచికాలాడితే, “సక్కగ అంటియ్యుండ్రి, నా ముక్కు వంకర పోతది,” అని తానూ నవ్వేది. నేను కూడా అక్కడే సీసాలు కడిగేదాన్ని. ఆ నాలుగు రోజులూ మంచి రోజులే. ఉన్నమాట చెప్పాలి.

ఆంధ్రప్రదేశ్ వచ్చాక దొర ఖద్దరు తొడిగాడు. చీటీ మీద ఉర్దూ అక్షరాలు పూర్తిగా పోయాయి. బెజవాడ నుంచి ఒక మేనేజరు వచ్చాడు. చెడ్డమనిషేమీ కాదు. గొంతెత్తేవాడు కాదు, ఆడవాళ్లను అమ్మా అనే పిలిచేవాడు. అయితే ఆయన వచ్చాక చీటీల కట్ట కొత్తగా వచ్చిన ప్రతిసారీ బొమ్మలోంచి ఏదో ఒకటి మాయమయ్యేది. మొదట గడ్డం మీది పచ్చబొట్టు పోయింది. అచ్చులో చుక్కలు మరకల్లా పడుతున్నాయన్నారు. తర్వాత ముక్కుపుల్ల పోయింది. ఆ తర్వాత చర్మం రంగు తేలిపోయింది. గెంటీల బదులు ముత్యాల లోలాకులు వచ్చాయి. అవ్వ అంటిస్తూనే ఉంది. ఒక ఉదయం మద్రాసు నుంచి వచ్చిన కట్ట విప్పింది. అందులో ఉన్నది అసలు అవ్వే కాదు. బుగ్గన సొట్ట, భుజాల దాకా జుట్టు, కళ్లకు కాటుక, నవ్వుతున్న ఎవరో తెల్లపిల్ల. కింద ‘షర్బత్తు’ అన్న మాట కూడా లేదు. ‘శీతల పానీయం’ అని ఉంది.

అవ్వ ఒక చీటీ పట్టుకుని మేనేజరు గదికి పోయింది. దొర అక్కడే ఉన్నాడు.

“దొరా, గీమె ఎవలు?”

“ఎవలైతేంది? బొమ్మ.”

మేనేజరు కుర్చీ ముందుకు జరిపాడు. “చూడమ్మా, కాలం మారింది. పాత బొమ్మ మరీ పల్లెటూరిది. పచ్చబొట్టూ, అంత బొట్టూ చూస్తే హైదరాబాదులో ఎవరు కొంటారు చెప్పు?”

“మరి గిన్నేండ్లు కొన్నోళ్లు ఎవలు సారూ?”

ఆయన దొర వైపు చూశాడు. దొర కిటికీ వైపు చూశాడు. “పో, పని జూస్కో,” అన్నాడు. అవ్వ వచ్చి కూర్చుని ఆ తెల్లపిల్లను సీసాకు అంటించడం మొదలుపెట్టింది. ఆ రోజు ఆమె అంటించినవి ఒక్కటీ వంకర పోలేదు.

గోడల మీది పాత బొమ్మలన్నీ కొట్టేయాలని బాపుకు హుకుం వచ్చింది. చొప్పదండి గోడ దగ్గరికి నేనూ పోయాను. ఒప్పుకోనంటాడేమో, కనీసం ఒక్క నిమిషం ఆగుతాడేమో చూడాలని పోయాను. ఆయన సున్నం బాగా కలిపి, వెడల్పు కుంచె ముంచి, నేరుగా కళ్ల మీద అడ్డంగా ఒక్క దెబ్బ వేశాడు.

“అట్లనేంది బాపూ?”

“కండ్లే ముందుగాల కొట్టాలె బిడ్డా. లేకుంటె చెయ్యి సాగదు.”

అంటే అంతకు ముందు ఏదో ఒక గోడ దగ్గర చెయ్యి ఆగిందన్నమాట. ఆగినందుకు ఆయన నేర్చుకున్నది అది. రెండు పూతలకు నుదురు, చెంబు అన్నీ పోయాయి. దాని మీద కొత్త బొమ్మకు బాపు అవసరం లేదు. కత్తిరించిన రేకు అచ్చులు కంపెనీయే పంపింది. గోడకు ఆనించి రంగు అద్దితే చాలు, ఎవరైనా చేయగలరు. ఊళ్లన్నిటికీ సున్నం కొట్టి వచ్చేసరికి ఆయన పని కూడా దానితోనే అయిపోయింది. ఆ సంగతి ఆయనకు ఆలస్యంగా తెలిసింది.

నా పెళ్లయింది. మా ఆయనది ఆసిఫాబాద్ కట్టె డిపోలో పని. తొలి కాన్పుకు నేను పుట్టింట్లో ఉన్నప్పుడే కార్ఖానా కొత్త భవనం తెరిచారు. సాయంత్రం సభ పెట్టారు. కలెక్టరాఫీసు వాళ్లు, వ్యాపారులు, వాళ్ల భార్యలు కుర్చీల్లో కూర్చున్నారు. పనివాళ్లు వెనక నిలబడ్డారు. అవ్వకు వచ్చినవాళ్లకు గ్లాసులు అందించే పని పడింది. వేదిక మీద పాత చీటీలు, కొత్త చీటీలు పెద్దవి చేసి వరసగా పెట్టారు. వరసలో మొదట అవ్వ. నెలవంక చీటీ ఎక్కడా లేదు.

దొర లేచి మాట్లాడాడు. అప్పటికి ఆయన మాట కూడా మారింది. “ఈ మొట్టమొదటి బొమ్మ ఎవరిదో మీలో చాలామందికి తెలియదు. ఇది మా అమ్మగారి రూపం. మా ఇంటి ముందు నుంచి వెళ్లే ఏ బాటసారినీ ఆవిడ దాహంతో పోనివ్వలేదు. ఆవిడ చేతి చెంబే మా వ్యాపారానికి పునాది.”

అందరూ చప్పట్లు కొట్టారు. అవ్వ పళ్లెంతో నడి సభలో ఉంది. ఒక అధికారి భార్య గ్లాసు అందుకుంటూ, అవ్వ ముఖంలోకి చూడకుండానే, “ఎంత కళగా ఉందో ఆ తల్లి!” అంది. నేను బాపు కోసం వెతికాను. గోడవారగా నిలబడి ఉన్నాడు. ఆయన కూడా చప్పట్లు కొడుతున్నాడు.

ఇంటికొచ్చాక అవ్వ అరుగు మీదే కూర్చుంది. లోపలికి రాలేదు.

“నువ్వెందుకు సప్పట్లు కొట్టినవ్?”

“అందరు కొట్టిండ్రు,” అన్నాడు బాపు.

“అందరికి ఎరికలేదు. నీకు ఎరికే గద.”

“నేను కొట్టకుంటె ఏమయితుండె? దొర మాట దొరదే.”

అవ్వ మరి కార్ఖానాకు పోలేదు. సంగతి అక్కడితో ఆగినా బాగుండేది. ఆ మాట నిలబెట్టుకోవడానికి దొరకు ఒక పటం కావలసి వచ్చింది. వాళ్లమ్మది ఫోటో ఏదీ లేదట. ఉన్నా పనికి రాదు, పోలిక కలవదు కదా. బాపును పిలిపించి, ఆ మొదటి బొమ్మనే నిలువెత్తు రంగుల పటంగా గీయమన్నాడు. మెడలో కాసులపేరు, ఒంటి మీద పట్టుచీర ఉండాలన్నాడు. చాలాకాలంగా పని లేక కూర్చున్న బాపు ఒప్పుకుని వచ్చాడు. ఇంట్లో ఆ మాట చెప్పడానికి మూడు సార్లు దగ్గాడు.

నేను అరిచాను. “సిగ్గుండాలె బాపూ! చెయ్యెట్ల వస్తది నీకు?”

అవ్వే నన్ను ఆపింది. “గియ్యనీ. మంచిగ గియ్యి. మెడల బంగారం నిండ పెట్టు. నాకు ఎన్నడు పెట్టకపోతివి, గామెకన్న పెట్టు.”

గీశాడు. ఆయన జీవితంలో గీసినవాటిలో అదే మంచి బొమ్మ. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. పచ్చబొట్టు చుక్కలు తిరిగి వచ్చాయి, ముక్కుపుల్ల తిరిగి వచ్చింది, ఎవరి మాటా నమ్మని ఆ చూపు కూడా వచ్చింది. దొర ఇంట్లో పెద్దగదిలో దాన్ని తగిలించి, పూలదండ వేసి, ముందు ఊదుబత్తులు వెలిగించారు. దొరసాని అందరినీ పేరంటానికి పిలిచినప్పుడు నేను, అవ్వ పోయాము. పోవద్దన్నాను. అవ్వ వినలేదు. ఆమె పటం ముందు నిలబడి తల నుంచి కాళ్ల దాకా చూసింది. పక్కనున్న ఆడవాళ్లు దండం పెట్టుకుంటుంటే మాత్రం చేతులు కదపలేదు. దొరసాని బొట్టు పెట్టి, “మా అత్తమ్మ. పుణ్యాత్మురాలు,” అంది. ఆవిడకు నిజం తెలుసో తెలియదో నాకు ఈనాటికీ తెలియదు.

బయటికి వచ్చాక అవ్వ ఒక్కమాటే అంది. “బతికుండంగనే దండేసిండ్రు.”

పురుడయి నేను ఆసిఫాబాద్ వచ్చేటప్పుడు అవ్వ కూడా మూట కట్టుకుని బస్సెక్కింది. బిడ్డను చూసుకోవడానికని ఇరుగుపొరుగుకు చెప్పింది. తిరిగి పోలేదు. మా ఇంటి వెనక పందిరి కింద బీడీలు చుట్టుకుంటూ, పిల్లల్ని పెంచుతూ ఉండిపోయింది. మా ఆయన మంచివాడు, ఏనాడూ ఎందుకని అడగలేదు. కరీంనగర్‌లో బాపు ఒక్కడే మిగిలాడు. బండ్లకు నంబర్లు, దుకాణాలకు పేర్లు రాసుకుంటూ బతికాడని విన్నాం.

ఈమధ్య ఆ సీసా మీద తెల్లపిల్ల కూడా లేదు. ఒక గ్లాసు, దాంట్లో వంకర గొట్టం, అంతే. బస్టాండు హోటలు గోడ మీద నీలం రంగుతో అదే ఉంది. ఇక్కడ అంతకు ముందు ఒకామె బొమ్మ ఉండేది కదా అని హోటలాయన్ని అడిగాను. “యే బొమ్మ అక్కా? నేను దుకాణం తీస్కున్నకాడికెల్లి గీ గిలాసే,” అన్నాడు. ఆయన తప్పేముంది.

పోయిన ఎండాకాలం బాపు వచ్చాడు. చూపు బాగా తగ్గింది. గేటు ఎక్కడుందో చేత్తో తడుముకుంటూ వచ్చాడు. అవ్వ ఆయన్ని చూసి లోపలికి పోయింది. నేను పీట వేసి అన్నం పెట్టాను. కూర గిన్నె లోపలి నుంచి అవ్వే జరిపింది, చెయ్యి మాత్రమే కనిపించేలా.

తింటూ తింటూ ఆగి బాపు అన్నాడు. “బిడ్డా, మీ అవ్వను జర బయటికి రమ్మను. మొఖం సూసి ఎన్నేండ్లాయె. ఇంకొన్నొద్దులైతె మొత్తానికే కనవడదంటున్నడు డాక్టరు.”

నేను లోపలికి చూశాను. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె వస్తే బాగుండునని నాకు ఆ ఒక్క క్షణం అనిపించింది.

“సూసి ఏం జేస్తడట?” అంది అవ్వ, ఆయనకు వినబడేటట్టు. “మల్ల ఎవ్వలకన్న గీసియ్యాల్నా?”

బాపు పళ్లెంలో మిగిలింది తిన్నాడు. సాయంత్రం బస్సుకు ఆయన్ని ఎక్కించి నేను ఇంటికి వచ్చేసరికి, అవ్వ ఆ పీట కడిగి గోడకు ఆనించి ఆరబెట్టింది. ఏమైనా అన్నాడా అని అడగలేదు. నేనూ చెప్పలేదు.